ఊరి మాట ఎవరి నోట?

బాగా మాట్లాడేవాడే నాయకుడని బడిలో పిల్లలకు చెబుతున్నాం. గూడెంలో అది సగమే నిజం.

ఒడిశాలోని నియమగిరిలో బాక్సైట్ తవ్వకం తమ దేవుడి కొండకు, తమ హక్కులకు తగులుతుందో లేదో గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 ఊళ్లలో జిల్లా జడ్జి ఎదుట సభలు జరిగాయి. డోంగ్రియా కొంధుల ఆడవాళ్లు, ముసలివాళ్లు లేచి తమ కువి భాషలోనే చెప్పారు. 12 సభలూ వద్దన్నాయి. గెలిచింది ఒక్కరి ఉపన్యాసం కాదు.

మన సభల్లో కాగితం తెలుగులో చదువుతారు. చదువుకున్న తమ్ముడొకడు లేచి అధికారితో చక్కగా మాట్లాడతాడు. ఆ పూటనుంచి అతనే పెద్ద. (ఇస్త్రీ చొక్కా కూడా కొంత సాయం చేస్తుంది.) నష్టపరిహారం ఎంతో అవ్వకు చెబుతాడు, వద్దనవచ్చని మాత్రం చెప్పడు. అవ్వ 'ఇవ్వం' అంటే, 'ఆలోచిస్తామంటున్నారు సార్' అంటాడు. అబద్ధం ఆడలేదనే అనుకుంటాడు. మా లెక్కలో ఆడినట్టే. రెండు భాషలు వచ్చినవాడి చేతిలో ఊరి మాట ఉంటుంది, అది అతని సొత్తు కాదు.

టీచర్లూ, వక్తృత్వ పోటీలు పెట్టండి, కాదనం. ఇంకొకటి కూడా పెట్టండి. అవ్వ గోండిలోనో కువిలోనో చెప్పింది ఒకరు తెలుగులో చెప్పాలి, అది విని మరొకరు తిరిగి అవ్వ భాషలో చెప్పాలి. మార్కులు అవ్వే వేస్తుంది.