ఇంటి చదువు - తల్లిదండ్రుల ధర్మము

ఐదేండ్ల బిడ్డను బడికి పంపవలెనా, ఇంటనే ఉంచి చదువు చెప్పవలెనా? పైకి ఇది సౌకర్యమునకు సంబంధించిన విషయమువలె తోచును. విచారించినచో ఇది ధర్మసందేహమే. ప్రతి జీవుడును స్వతంత్రుడని జైనధర్మము బోధించుచున్నది. అట్లయినచో ఒక జీవుని జ్ఞానమార్గమును వేరొక జీవుడు ఎంతవరకు నిర్ణయింపవచ్చును? తల్లిదండ్రుల అధికారము ఎచ్చట మొదలై ఎచ్చట ముగియును?

పాలారు ఒడ్డున నున్న ఆంబూరు వంటి ఊరిలో ఈ ప్రశ్న మరింత సూటిగా ఎదురగును. 2019లో వేలూరు జిల్లా నుండి విడివడి తిరుపత్తూరు జిల్లాలో చేరిన ఈ పట్టణము తోళ్ల పరిశ్రమకును, బిరియానీకిని పేరుపొందినది. వీధిలో తమిళము, బజారులో ఉర్దూ వినబడును. తెలుగు చాలవరకు ఇంటి గడపలోపలి భాష. 2006 నాటి రాష్ట్ర చట్టము బడిపిల్లలకు తమిళమును తప్పనిసరి చేసినది. తెలుగు అక్షరములు అబ్బవలెనన్న ఇంటివారే పూనుకొనవలెను. దీనికి తోడు, పక్క పిల్లవాని టిఫిను డబ్బాలోని మాంసమును చూచి బిడ్డ ఏమడుగునో, చీకటి పడకమునుపే భుజించు నియమము ఏమగునో యని జైన గృహిణి కలతపడును. ఆ కలత నిరాధారము కాదు. కాని భయమొక్కటే ఇంటి చదువునకు పునాది కారాదు.

ఇంటి చదువు జైనులకు క్రొత్తది కాదు. 9వ శతాబ్దివాడైన జినసేనాచార్యుడు తన ఆదిపురాణమున మొదటి గురువును తండ్రిగానే చూపినాడు. ఋషభదేవుడు కుమార్తెలగు బ్రాహ్మిని, సుందరిని ఒడిలో కూర్చుండబెట్టుకొని, రెండు చేతులతో లిపిని, అంకెలను వ్రాసి చూపినాడట. పిదప కుమారులకు వేర్వేరు విద్యలు నేర్పినాడు. ఆడుబిడ్డల చదువు ముందు జరిగినది. అందరికి ఒకే విద్య కట్టబెట్టలేదు. తండ్రి తన ముచ్చటను గాక బిడ్డల యోగ్యతను చూచినాడు.

జ్ఞానము ఆత్మకు సహజగుణమనియు, దానిని జ్ఞానావరణీయ కర్మము కప్పియుండుననియు శాస్త్రము. కావున గురువు జ్ఞానమును లోపల పోయువాడు కాడు. తెర తొలగుటకు తోడ్పడువాడు మాత్రమే. ఇతరుల జ్ఞానార్జనకు అంతరాయము కలిగించుట ఆ కర్మబంధమునకు హేతువని ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున చెప్పినాడు. ఈ మాట ఇరువైపుల పదును గల కత్తి. దెబ్బలతో భయపెట్టు బడికి బిడ్డను తోలుటయు అంతరాయమే. ఇంటనే చదువని చెప్పి, అంగడి పనులలో పడి పలక ముట్టనీయకుండుటయు అంతరాయమే.

ఇందుకు గాంధీగారి జీవితమే నిదర్శనము. జైన వర్తకుడగు శ్రీమద్ రాజచంద్రుని వలన ఎంతో నేర్చిన ఆయన 1897లో ఇద్దరు కుమారులతో, మేనల్లునితో దర్బను చేరినాడు. తెల్లవారి పిల్లల బడిలో తన పిల్లలకు చోటు దొరకవచ్చును. తక్కిన భారతీయుల పిల్లలకు దొరకదు. ఆ ప్రత్యేకత వలదని ఇంటనే చదువు ఆరంభించినాడు. ఉద్దేశము ఉదాత్తము. కాని కావలసినంత కాలము పిల్లలకు ఈయలేకపోతినని ఆత్మకథలో ఆయనే ఒప్పుకొన్నాడు. పెద్ద కుమారుడు హరిలాలు చదువు దక్కలేదన్న బాధతో 1911లో ఇల్లు విడిచినాడు. తండ్రి నియమమునకు వెల కుమారుడు చెల్లించినాడు. అపరిగ్రహము ధనమునకే కాదు, సంతానమునకును వర్తించును. బిడ్డ తల్లిదండ్రుల ఆదర్శమునకు పెట్టుబడి కాదు.

ఇక అహింస మాట. తోళ్ల పని చేయు పొరుగువాని బిడ్డను చూచి ముఖము త్రిప్పుకొనుట నేర్పిన ఇల్లు అహింసను నేర్పినట్లు కాదు. తన నియమమును తాను నిలుపుకొనుచు ఎదుటివానిని తూలనాడకుండుట అనేకాంతవాదము నేర్పు పాఠము. ఇంట చదువు బిడ్డకు వీధిలో తోటివారితో ఆట మరింత అవసరము. ఆంబూరు సమీపమున మలయంపట్టులోని అర్మామలై గుహలో 8వ శతాబ్ది నాటి జైన చిత్రములు కలవు. వానిని చూపుటయు చదువే. చూడవచ్చునప్పుడు పొరుగు పిల్లలను వెంటబెట్టుకొని పోవుట అంతకంటె మంచి చదువు.

ఆరంభించువారు కాలనియమము పాటింపవలెను. సామాయికమునకు 48 నిమిషములు మీదు కట్టువారు బిడ్డ చదువునకు దినమునకు అంతపాటి కాలము మీదు కట్టలేరా? పసివాడు అంతసేపు కుదురుగా కూర్చుండడు; రెండు మూడు విడతలుగా కథ, లెక్క, వ్రాత సాగింపవచ్చును. చిట్టా వ్రాసినట్లు ఏనాటి చదువు ఆనాడే వ్రాసియుంచిన మేలు. అంగడియు బడియే. తప్పుడు తూనికలు, కొలతలు అచౌర్య వ్రతమునకు దోషములు. త్రాసు వంకరయైన ఇంట సత్యపాఠము నిలువదు.

2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 6 నుండి 14 ఏండ్ల బిడ్డను బడిలో చేర్చుట తల్లిదండ్రుల విధియని చెప్పినది. చేర్చనివారికి అందు శిక్ష విధింపలేదు. బడికి పోనివారు 14 ఏండ్లు నిండిన పిదప జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ ద్వారా పదవ తరగతి పరీక్షకు కూర్చుండవచ్చును. దారి ఉన్నదని ఏమరుపాటు కూడదు. ఏటేట బిడ్డను పరీక్షించుటకు ముందు తల్లిదండ్రులు తమను తాము పరీక్షించుకొనవలెను: ఈ చదువు బిడ్డకు తెర తొలగించుచున్నదా, తెర వేయుచున్నదా? రెండవదే నిజమని తేలిననాడు, లేక బిడ్డయే బడిని కోరిననాడు, అభిమానమును విడిచి బడి గడప దాటించుటయే ధర్మము.