చేతులు మారిన డోలు

ఒక బృందంలో ఏళ్ళ తరబడి పనిచేసి, జనం ప్రేమను సంపాదించుకున్న కళాకారుడు తప్పుకోవలసి వచ్చినప్పుడు, ఆయన చోట మరొకరిని నిలబెట్టడం న్యాయమా? చూడటానికి ఇది చిన్న ప్రశ్న. కాని శ్రమకూ శ్రామికునికీ, వ్యక్తికీ సమిష్టికీ వుండవలసిన సంబంధం ఏమిటన్న పెద్ద ప్రశ్న దీని కడుపులోనే వున్నది.

ఈ ప్రశ్న వేసింది నా విద్యార్థి. యాదగిరిగుట్ట దగ్గర ఒక కళాశాలలో నేను తెలుగు చెబుతాను. జానపద కళల మీద పాఠం జరుగుతూ వుండగా ఒక కుర్రవాడు లేచి, లండన్‌లో 1975లో పుట్టిన ‘ఐరన్ మెయిడెన్’ అనే హెవీ మెటల్ బృందం సంగతి ఎత్తాడు. 1982 చివరి నుండి అందులో డ్రమ్స్ వాయించిన నికో మెక్‌బ్రెయిన్‌కు 2023 జనవరిలో పక్షవాతం వచ్చింది. కోలుకుని మళ్ళీ వేదిక ఎక్కాడు గాని, వెనుకటి వడి చేతికి పూర్తిగా రాలేదు. 2024 డిసెంబరు 7న బ్రెజిల్‌లోని సావో పాలోలో ఆఖరి కచేరీ చేసి, పర్యటనల నుండి విరమించుకున్నాడు. ఆయన చోటికి సైమన్ డాసన్ వచ్చాడు. “ఇప్పుడది ఆ బృందమేనా సార్?” అని కుర్రవాని ప్రశ్న. తెలుగు తరగతిలో ఈ గోల ఏమిటని తోటి పిల్లలు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. మా పక్క ఊరి ఒగ్గు దళంలో అచ్చంగా ఇదే జరిగింది. అందులో నా తప్పు కూడా వున్నది.

ఒగ్గు అంటే శివుని డమరుకం. దాన్ని చేతబట్టి మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలు చెప్పే కళ కురుమలది. కథకుడు కథ నడిపిస్తాడు, వంతగాడు అందుకుంటాడు, తాళం తోడు పడుతుంది. కాని రాత్రి రెండు జాములు దాటిన తరువాత, కూర్చున్న జనాన్ని నిద్రపోనివ్వకుండా నిలబెట్టేది డోలు. జనగామ ప్రాంతపు మాణిక్యాపురం నుండి బయలుదేరి, ఈ కళకు ఎంతో పేరు తెచ్చిన చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశాడు. ఆయన పేరు మనకు తెలుసు. ఆయన వెనుక నిలబడి తెల్లవార్లూ డోలు కొట్టినవారి పేర్లు మనలో ఎందరు చెప్పగలరు? పత్రికలకు కథకుని పేరే దళం పేరు. మిగిలినవారంతా ‘బృందం’.

మా పక్క ఊళ్ళో మాత్రం జనానికి ప్రాణం కథకుడు కాదు, డోలాయన. ముప్పై ఏళ్ళకు పైగా ఆయన కొట్టాడు. మూడేళ్ళ క్రితం కుడిచెయ్యి పడిపోయింది. కొంత స్వాధీనానికి వచ్చింది గాని, పుల్ల పట్టు కుదరలేదు. దళంవారు ఆయన మేనల్లుణ్ణి తీసుకున్నారు. ఆ యేడే మా కళాశాల వార్షికోత్సవానికి నేను దళాన్ని పిలిచాను. “పాత డోలాయన రావాలె. లేకుంటే కథ వద్దు” అని షరతు పెట్టాను. అది అభిమానమనుకున్నాను. ఆయన వచ్చాడు. అరగంట కొట్టాడు. నా కళ్ళు చెమర్చాయి, అందరం నిలబడి చప్పట్లు కొట్టాం. మేనల్లుడు డోలు దింపి, ఒక మూల నిలబడి చూస్తూ వున్నాడు. పది రోజుల తరువాత ఆయన ఇంటికి వెళితే, ఆ చేత్తో ముద్ద ఎత్తలేక ఎడమచేత్తో తింటున్నాడు.

“ఎందుకొచ్చినవు తాతా? చాతకాదంటే అయిపోవు గదా” అన్నాను.

“మీరు గావురంగ పిలిచిండ్రు సారూ. రానంటే మిమ్ముల చిన్నజేసినట్టు గాదా?” అన్నాడు.

ఆనాటి నుండి ఈ ప్రశ్న నాకు తత్వశాస్త్ర విషయంగా లేదు.

ఈ విషయంలో రెండు వాదాలు వున్నాయి. మహాకళాకారునికి మారు లేదు, ఆయన పోతే బృందమూ పోవాలి అనేది మొదటిది. 1980 సెప్టెంబరులో జాన్ బోనమ్ చనిపోయినప్పుడు ‘లెడ్ జెపెలిన్’ బృందం అదే చేసింది. తమ మిత్రుడు లేకుండా సాగలేమని ఆ డిసెంబరులో ప్రకటించి విరమించింది. ఆ నిర్ణయంలోని మర్యాదను కాదనలేము. కాని అప్పటికి వారు లోకమంతటా పేరూ ధనమూ సంపాదించినవారు. పండుగ పూట చెప్పే కథ మీద ఇంటి ఖర్చు గడుపుకునే దళం ఆ పని చేయగలదా? ఒకరి కోసం అందరూ ఆగిపోవడం గొప్పదే, కాని అది కలిగినవారికి సాధ్యమయ్యే గొప్పతనం. పేదవాని కళకు సంతాపం పాటించే తీరిక కూడా లేదు.

రెండో వాదం దీనికి పూర్తిగా ఎదురు. ఎవరైనా ఒకటే, పని సాగాలి అంటుంది. ఇది యజమాని మాట. మరమేకు అరిగితే మరొకటి బిగించినట్టు మనిషిని మార్చవచ్చునని పెట్టుబడి నమ్ముతుంది. కళారంగం దీనికి అతీతం కాదు. కాలిఫోర్నియాలో 1981లో ఏర్పడిన ‘స్లేయర్’ బృందపు తొలి డ్రమ్మర్ డేవ్ లొంబార్డో 2013లో ఆస్ట్రేలియా పర్యటనకు ముందు బయటికి పోవలసి వచ్చింది. పర్యటనల రాబడి పంపకాన్ని, లెక్కలను ప్రశ్నించాననీ, తరువాత తనను పక్కన పెట్టారనీ ఆయన బహిరంగంగా చెప్పాడు. ఆయన చెప్పిన తీరుతో ఏకీభవించమని బృందం జవాబిచ్చింది. నిజం ఎటువున్నా, శ్రోతలు ‘కొత్తవాడు పాతవానంత బాగా కొడుతున్నాడా’ అని వాదించుకుంటూ వుంటే, అసలు ప్రశ్న లెక్కల పుస్తకంలో మిగిలిపోయింది.

ఇక్కడ మా గుట్ట నుండే ఒక ఉదాహరణ చెప్పుకోవాలి. నరసింహస్వామి ఆలయ పునర్నిర్మాణం పూర్తయి, 2022 మార్చి 28న మళ్ళీ దర్శనాలు మొదలైనాయి. గోపురాలు కొత్తవి, మండపాలు కొత్తవి, గుహలోని మూలవిరాట్టు పాతది. గుడి అదేనా కాదా అని నేనెరిగిన ఏ భక్తుడూ అడగలేదు. కాని కొండ కింద రోడ్డు వెడల్పులో దుకాణం పోయినవాడు మరో ప్రశ్న అడిగాడు. ‘నా సంగతేమిటి?’ అన్నాడు. ఈ రెండు ప్రశ్నల తేడాను గమనించాలి. ‘ఇది అదేనా?’ అని అడిగేవాడు సాధారణంగా ఏమీ పోగొట్టుకోనివాడు. పోగొట్టుకున్నవాడు తన పాలు గురించి అడుగుతాడు. మనం, అంటే చదువుకున్న అభిమానులం, మొదటి ప్రశ్నను పట్టుకుని రసచర్చ చేస్తూ, రెండో ప్రశ్నను వినిపించుకోము.

సమిష్టి కళ అంటే ఏమిటో మన ఉద్యమానికి తెలియనిది కాదు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను ఒక్క దళానికి పరిమితం చేయలేదు. నాజర్ వంటి మహాకథకుడు వుండగానే ఎన్నో దళాలు తయారైనాయి. కథ ఒకరి సొత్తు కాదని ఆచరణలో చూపాము. అది సరైనదే. కాని ‘కథ అందరిదీ’ అన్న మాటను మనం తరచు సగమే పలుకుతాము. కథ అందరిదీ అయితే, కథ కోసం అరిగిపోయిన చెయ్యి కూడా అందరిదీ కావాలి. ఆ చేతిని దాని యజమాని ఒక్కని ఇంటికి పంపివేసి, దరువును మాత్రం సమిష్టి సొత్తు అనడం సమిష్టితత్వం కాదు, దోపిడీకి ఎర్రరంగు వేయడం.

ఇలా అంటే, ఇది మెత్తదనమనీ, సంస్థ ముఖ్యం గాని వ్యక్తి కాదనీ నా సహాధ్యాపక మిత్రుడొకడు వాదించాడు. వ్యక్తి ఆరాధన తప్పే, ఒప్పుకుంటాను. ఆ తప్పు చేసి ఒక ముసలాయన చేతిని నేను పాడుచేశాను. కాని ఆరాధించకపోవడం వేరు, బాకీ తీర్చకపోవడం వేరు. మెక్‌బ్రెయిన్ కూడా 1982లో మరొకరి చోటికి వచ్చినవాడే. ఆ మరొకడు క్లైవ్ బర్. తరువాత ఆయనకు నరాల జబ్బు చేసింది. బృందం వదిలి ఇరవై ఏళ్ళయినా, 2002లో అదే బృందం ఆయన సహాయార్థం లండన్‌లో కచేరీలు చేసింది. బర్ 2013లో మరణించాడు. మార్పును న్యాయం చేసేవి ఇలాంటి పనులే. కొత్తవాడు ఎంత బాగా వాయిస్తాడన్నది వేరే లెక్క.

ఇక కొత్తవాని మాట. మా దళపు మేనల్లుడు ఒకనాడు నాతో అన్నాడు: “మామ లెక్క కొడితే నకలంటరు సారూ. నా లెక్క కొడితే పాడుజేసిండంటరు. నేనేం జెయ్యాలె?” దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. జవాబు ముసలాయనే చెప్పాడు: “నా తీరుగ కొట్టనీకి నేనున్న గదా. వాడు వాని తీరుగనే కొట్టాలె.” పాండిత్యం చేయలేని పని ఆ మాట చేసింది. పాతవానిపట్ల ప్రేమను కొత్తవాని మెడకు కట్టడం కూడా ఒక అన్యాయమే. వాడు ఎవరినీ వెళ్ళగొట్టలేదు. ఖాళీ అయిన చోట నిలబడి పని చేస్తున్నాడు.

కడపటికి పాలు సంగతి వచ్చింది. ముసలాయనకు అరపాలు ఇవ్వాలని దళంవారు అనుకున్నారు, మంచిదే. కాని దాన్ని మేనల్లుని పాలులో నుండి కోయాలన్నారు. అంటే పాత శ్రామికుని బాకీ కొత్త శ్రామికుడు ఒక్కడే తీర్చాలన్నమాట. యజమానులు ఎప్పుడూ చేసేది ఇదే, ఇద్దరు కూలీలను ఒకరికొకరు ఎదురు నిలబెట్టడం. నేను అభ్యంతరం చెప్పాను. చాలాసేపు మాటా మాటా అయింది. వచ్చిన మొత్తంలో నుండి ముందుగా ఆయనది తీసిపెట్టి, మిగిలినది పంచుకోవాలని చివరకు ఒప్పుకున్నారు. కథ పెట్టించేవారు కూడా కొంత ఇవ్వాలని కథకుడు నావైపు చూసి అన్నాడు. ఇచ్చాను. అది దానం కాదు, ఆ అరగంటకు నేను పడిన బాకీలో కొంత.

మొన్న బీరప్ప పండుగకు వెళ్ళాను. మేనల్లుని దరువు వేరు, వడి ఎక్కువ. ముసలాయన ముందు వరసలో, వణికే చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వెనుకనుంచి ఎవరో “ఏమన్నగాని, పాత డోలే డోలు” అన్నారు. ముసలాయన వెనక్కి తిరిగి, “ఊకో, కథ ఇననియ్యి” అన్నాడు.