దివిసీమలో కైంకర్యము

కృష్ణవేణి సాగరమున కలియు చోట హంసలదీవి కలదు. లోకుల పాపములను కడిగి కడిగి మలినమైన గంగ కాకిరూపమున తీర్థములెల్ల తిరిగి, ఇచ్చట మునిగి హంసయై లేచెనని స్థలపురాణము. వేణుగోపాలస్వామిని సేవించి, మాఘపూర్ణిమనాడు సాగరస్నానము చేయుటకు యాత్రికులు నేటికిని పోవుచుందురు. అవనిగడ్డ, కోడూరు దాటి ఆ దారిన పోవు పెద్దలకు మరియొక జ్ఞాపకము కూడ కలదు. 1977 నవంబరు 19న తుపానుతో కూడి 15 అడుగులకు పైబడిన ఉప్పెన దివిసీమపై విరుచుకొనిపడి ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టెను. ఆ విపత్తున పోయినవారు దాదాపు 10,000 మంది యని యొక లెక్క. అంతకు మించియే యని మరియొక లెక్క.

పిమ్మట రామకృష్ణ మిషన్ మొదలుగా పెక్కు సంస్థలవారు వచ్చిరి. తొలిదినములలో అనాథశవములకు సంస్కారము చేసిన చేతులకు నమస్కరింపవలసినదే. అయితే ఆ పని లోకమెల్ల చూచినది. చూచువారు వెడలిపోయిన తరువాత, నెలల తరబడి నిలిచిన సేవకుని దినచర్య విచారింపదగినది.

అతడు తెల్లవారకముందే నూతికడ నుండును. సముద్రము చొచ్చిన నూతినీరు నోటపెట్టరాదు. నీరంతయు తోడవలెను, అడుగు బురద ఎత్తవలెను, బ్లీచింగు పొడి చల్లవలెను. మరల ఊరిన నీరు మరల ఉప్పగనే యుండును, మరల తోడవలెను. ప్రొద్దెక్కిన పిదప కలరా సూదిమందునకు జడిసి దాగినవారిని బతిమాలి తీసికొనిరావలెను. మధ్యాహ్నము బియ్యము, బట్టలు పంచు వరుస. రాత్రి లాంతరు వెలుతురున చిట్టా.

ఇందులో భగవదారాధన మెక్కడ అని ఆస్తికులకు సంశయము కలుగవచ్చును. సర్వభూతములయందున్న తన్ను ఉపేక్షించి విగ్రహమును మాత్రము పూజించుట బూడిదలో హోమము చేయుట వంటిదని కపిలభగవానుడు దేవహూతికి ఉపదేశించెను. కావున ఆ సంశయముతో ఎక్కువసేపు పనిలేదు. కష్టమైన ప్రశ్న వేరొకటి కలదు.

రంతిదేవుని కథ ఎల్లరు ఎరిగినదే. 48 దినములు నీరైన లేక యుండి, మరునాడు లభించిన అన్నమును వచ్చిన అతిథులకెల్ల పెట్టి, చివరి గ్రుక్కెడు నీటిని సైతము దప్పిగొన్న పుల్కసునకు పోసెను. సేవకుడును అట్లే చేయవలెనందురు. చేయగలడా? వరుసలో ఒక తల్లి చంకబిడ్డను చూపి, "ఇంకొక సోలెడు పొయ్యి నాయనా" అని ప్రాధేయపడును. ఆ బిడ్డ ప్రతిదినము అతని వ్రేలు పట్టుకొని తిరుగునదే. గుండె కరగి మరియొక సోల పోసినయెడల వరుస చివర నిలిచిన ముసలివానికి ఆ సోల తరుగును. రంతిదేవుడు ఇచ్చినది తనది. ఇతని చేతిలోని బస్తా ఇతనిది కాదు.

కోవెల ఉగ్రాణము చూచు పరిచారకుని స్మరింపుడు. బియ్యము, నేయి, బెల్లము అతని చేతిమీదుగనే పోటునకు పోవును. "స్వామికి నేను పెట్టుచున్నాను" అని అతడు అనుకొనునా? తన చుట్టమునకు దోసెడు ఎక్కువ కొలుచునా? కొలత తప్పిన అపచారము. కర్తృత్వము, మమత, ఫలము అను మూడింటిని విడువుమని మన పూర్వాచార్యులు బోధించిరి. వీనిలో సేవకుని మిక్కిలి బాధించునది మమతయే. ఫలముమీది ఆశ ఉప్పునూతికడ నాలుగు దినములకే తీరిపోవును! ఆ తల్లికి "లేదమ్మా" అని చెప్పుట అతనికి ఉపవాసముకంటె కఠినమైన తపస్సు. చెప్పి, వరుస ముగిసిన తరువాత తన విస్తరిలోని అన్నమును ఆ బిడ్డకు పెట్టును. బస్తాకు ఉగ్రాణపు ధర్మము, విస్తరికి రంతిదేవుని ధర్మము. ఈ రెండింటిని తారుమారు చేసినవారు, ఎంత దయగలవారైనను, ఊరిలో కలహమునే మిగిల్చిపోవుదురు.

ఇక వరుసకే రానివారు కలరు. నిన్నటివరకు గాదె నిండ ధాన్యము కల ఇల్లాలు, మగనిని కొడుకులను కడలి కొనిపోగా, పదిమందిలో చేయి చాచలేక కూలిన అరుగుపై కూర్చుండును. ఆదరము లేక, తిరస్కారముతో ఇచ్చిన దానము తామసమని గీతాచార్యుడు పదునేడవ అధ్యాయమున చెప్పెను. పేరు పెట్టి గట్టిగ పిలిచి, వేలిముద్ర వేయించుకొని, నలుగురు చూడ ఆమె ఒడిలో పోసిన బియ్యము ఏ కోవకు చెందునో వేరుగ చెప్పనక్కరలేదు. కొలపాత్రయే ఆమెకడకు నడచిపోవలెను.

మునిమాపువేళ అతడు మూటతో ఆ అరుగుకడకు పోవును. "ఎవరి బిడ్డవు నాయనా?" అని ఆమె అడుగును. "కొలిచి తెచ్చినవాడనమ్మా" అని మూట లోపల దింపి, ఆమె చెప్పదలచిన మాట విని వచ్చును. చిట్టాలో ఆమె పేరున కొలత వ్రాసి లాంతరు తగ్గించును. తెల్లవారినయెడల మరల నూతికడకు పోవలెను.