మణికట్టున ప్రారబ్ధము

కొత్తపట్నము పల్లెపాలెమున వల లాగు చేతికి చేపముల్లు గ్రుచ్చుకొనుట వింత కాదు. ముల్లు తీసి, ఉప్పునీట కడిగి, మరునాడు వేటకు పోవుటయే వాడుక. అయితే ఎన్నడో ఒకసారి ఆ గాయము పైకి మానినట్లే కనిపించి, కొన్ని వారములకు మణికట్టు వాచి, వాపు పగిలి, సన్నని రంధ్రముగుండ చీము కారనారంభించును. రంధ్రము పూడును, మరల తెరచుకొనును, నెలలు గడచును. అప్పుడు ఇరుగుపొరుగున ఎవరో ఒకరు, ద్వేషముతో కాదు, జాలితోనే, "వాడి ప్రారబ్ధం, ఏం చేస్తాం?" అందురు. నా మనస్సును కలచునది ఆ మాట.

కీలు లోతునుండి చర్మమువరకు త్రోవ చేసికొన్న ఇట్టి పుండును మన ప్రాచీనులు నాడీవ్రణమనిరి. చీము గొట్టమునవలె సాగుటచేత ఆ పేరు. సుశ్రుతుడు నిదానస్థానమున దీని పుట్టుకను చెప్పుచు, పండిన వాపును పండలేదని భ్రమించి ఉపేక్షించిన చోట చీము లోనికి చొచ్చుకొనిపోవుననెను. లోన చిక్కుకొన్న శల్యముచేత, అనగా ముల్లువంటి పరాయివస్తువుచేత, కలుగు నాడీవ్రణమును వేరుగా ఎన్నెను. అదే గ్రంథమున కుష్ఠమును చెప్పునపుడు పాపకర్మ ప్రసక్తి కలదనుట నేను దాచను. కాని మణిబంధమును, అనగా మణికట్టును, నొప్పి కలిగించు రుజాకర మర్మములలో చేర్చి, అచట దెబ్బ తగిలిన చేయి కుంటుపడునని హెచ్చరించిన ఆ శస్త్రవైద్యుడు, నాడీవ్రణము కడకు వచ్చునప్పటికి వెదకినది ముల్లును, మనుష్యుని ఏమరుపాటును.

నేటి వైద్యుడు వెదకునదియు అదియే. 1882లో కోహ్ కనుగొన్న క్షయక్రిమి ఊపిరితిత్తులతో తృప్తిపడక కీళ్ళను కూడ పట్టును. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలు ఒకదాని నొకటి ఆనుకొని యుండుటచేత ఒకచోట పుట్టిన చెరుపు తక్కినవానికి ప్రాకును. 1926లో చేపలయందు గుర్తింపబడిన ఆ జాతి క్రిమి మరియొకటి ముల్లుపోటుగుండ చేతిలో ప్రవేశింపగలదు. చీము పట్టిన ఎముకనుండి విడివడిన చచ్చిన ముక్క శల్యమువలెనే పనిచేయును. అది లోన నున్నంతకాలము పైరంధ్రము మూయుట వ్యర్థము. కనుక పైకి కారు చీమును మాత్రమే పరీక్షించి ఊరకుండరాదు, అందు చర్మముమీది క్రిములు కనిపించి అసలు దొంగను మరుగుపరచును; ఎక్స్‌రే తీయవలెను, లోతునుండి కండముక్క తీసి చూడవలెను. కీలుక్షయ యని తేలినచో సుమారు ఏడాది, ఒక్కొక్కప్పుడు ఏడాదిన్నర, మందులు విడువక మ్రింగవలెను. మణికట్టును కొంచెము వెనుకకు వంచి కట్టు కట్టి, వ్రేళ్ళను మాత్రము కదలించుచుండవలెను. పసరులు కూరుట, పిండుట, రంధ్రము పూడినదని మందు మానుట, ఈ మూడును చేతిని చెరచును.

ఇక ప్రారబ్ధము. కర్మసిద్ధాంతమును త్రోసివేయుట నా ఉద్దేశము కాదు. నేను దానిని నమ్మినవాడను. చరక సంహిత విమానస్థానమున దైవమనగా పూర్వదేహమున చేసిన కర్మమనియు, పురుషకారమనగా ఈ దేహమున చేయునదనియు చెప్పి, బలవత్తరమైనది దుర్బలమైనదానిని అణచునని నిర్ణయించినారు. ఆయువు సర్వము ముందే నిర్ణీతమైనచో ఔషధములతో పనియే యుండదను తర్కమును అచటనే కలదు. రోగి రాత్రి నొప్పికి నిద్రపట్టక "నా ప్రారబ్ధము" అనుకొనునపుడు ఆ మాట అతనికి ఊతకఱ్ఱ. దానిని లాగుకొనుటకు మనమెవ్వరము? ఆ మాటనే అరుగుమీద కూర్చున్నవాడు "వాని ప్రారబ్ధము" అనినంతనే అర్థము తలక్రిందులగును: చూచినవాడు చేయవలసిన కర్మ చేయకుండుటకు అది చీటియగును. మన వ్యాకరణమున 'నేను' అనునది ఉత్తమపురుష, 'వాడు' అనునది ప్రథమపురుష. ప్రారబ్ధమను పదమునకు ఉత్తమపురుషయందే అధికారము కలదని నా విశ్వాసము. ఒకని పూర్వజన్మమును నేనెరుగను. అతని చీము నా కన్నులయెదుట కారుచున్నది, అది చూచిన క్షణమునుండి నా కర్మ మొదలైనది.

మదనపల్లె సమీపమున 1915లో వెలసిన క్షయ చికిత్సాలయమునకు ఆరోగ్యవరమని పేరు. వరమను మాటలో దైవము లేకపోలేదు. కాని ఆ వరమును దినదినము మంచముల ప్రక్కన నిలిచి ఇచ్చినవారు మనుష్యులు. ఇంటనుండియే మందు మ్రింగినను ఊపిరితిత్తుల క్షయ చికిత్సాలయమున నయమైనంత బాగుగను నయమగునని మద్రాసు పరిశోధకులు 1959లో చూపిరి. పల్లెపాలెపు రోగికి నేడు కావలసినది, ఒంగోలు ఆసుపత్రివరకు వెంట వచ్చు తోడొకటి, మందు మానకుమని అడుగు నోరొకటి.

నయమైన పిదపను కీలు బిగిసిపోవచ్చును. అట్టిచేయి ముద్దను నోటికెత్తును, వలత్రాడు పట్టును. గంగమ్మ ముందు నిలిచి చేతులు జోడించునపుడు మాత్రము ఆ వైపు మోచేయి క్రిందికి వాలియుండును; అరచేతులు కలియును.