ఆటల పీరియడుకు దూరమవుతున్న మన పిల్లలు

బడిలో ఆటల పీరియడు గంట కొట్టగానే కొందరు పిల్లలు మైదానానికి పరుగెత్తుతారు. మరికొందరు కడుపునొప్పి అనో, తలనొప్పి అనో చెప్పి తరగతి గదిలోనే ఉండిపోతారు. పదమూడు, పద్నాలుగేళ్ళ వయసు వచ్చేసరికి ఈ రెండో రకం పిల్లలు పెరుగుతారు. ఇంట్లో మనం దీన్ని బద్ధకమని తేల్చేస్తాం. కాని చాలామంది విషయంలో అసలు కారణం సిగ్గు. పరుగెత్తితే తన లావు చూసి నవ్వుతారేమోనని ఒకరికి భయం. తన సన్నటి చేతులు నలుగురి కంట పడతాయేమోనని మరొకరికి బెంగ.

ఎదిగే పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటి లెక్కల ప్రకారం, 146 దేశాల్లో బడికి వెళ్ళే 11–17 ఏళ్ళ పిల్లల్లో 81 శాతం మందికి ఆ మాత్రం శ్రమ లేదు. అబ్బాయిల్లో ఇది 78 శాతం, అమ్మాయిల్లో 85 శాతం.

ఈ సిగ్గు పిల్లలకు ఎక్కడి నుంచి వచ్చింది? తోటి పిల్లల ఎగతాళి, టీవీలోనూ ఫోన్‌లోనూ కనిపించే బొమ్మలు కొంత కారణమే. కాని మొదటి పాఠం చాలాసార్లు ఇంట్లోనే మొదలవుతుంది. ‘మోటూ’, ‘సూఖీ’, ‘కాలీ’ అని ముద్దుగానే పిలుస్తాం. దావత్‌లో నలుగురి ముందు పిన్ని కూతురితో పోలుస్తాం. మనం నవ్వి మరచిపోతాం, బిడ్డ మరచిపోదు. ఎగతాళి చేయవద్దనీ, చెడ్డ పేర్లతో పిలుచుకోవద్దనీ అల్లాహ్ అల్ హుజురాత్ సూరా 11వ ఆయత్‌లో విశ్వాసులను హెచ్చరించాడు. సొంత బిడ్డల విషయంలో ఈ ఆజ్ఞకు మినహాయింపు ఉందా?

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌వూద్ (రజి) పిక్కలు చాలా సన్నగా ఉండేవి. ఒకసారి ఆయన మిస్వాక్ కోసం చెట్టెక్కినప్పుడు గాలికి అవి బయటపడ్డాయి. చూసినవారు నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారని దైవప్రవక్త (స) అడిగారు. కారణం విని, ప్రళయదినాన త్రాసులో ఆ కాళ్ళు ఉహుద్ కొండకన్నా బరువైనవని తెలియజేశారు. ముస్నద్ అహ్మద్‌లోని ఈ ఉల్లేఖనంలో మన ప్రశ్నకు సమాధానముంది. శరీరం విలువను చూసేవారి కళ్ళు నిర్ణయించవు. దాన్నిచ్చిన ప్రభువు దానితో ఏ పని చేశావని అడుగుతాడు. అది మన దగ్గరున్న అమానత్.

హజ్రత్ ఆయిషా (రజి) దైవప్రవక్త (స)తో పరుగు పందెం వేసి గెలిచారు. కొంతకాలానికి ఆమెకు ఒళ్ళు వచ్చింది. మళ్ళీ పందెం వేసినప్పుడు ఆయన గెలిచి, ఇది ఆనాటి దానికి బదులన్నారు. అబూదావూద్‌లోని ఈ ఉల్లేఖనంలో ఆమె ఒంటి గురించి ఆయన ఒక్క మాటైనా అన్నట్లు లేదు. ఒళ్ళు వచ్చిందని ఆమెతో పందెం మానుకోనూ లేదు.

“ఆడపిల్లకు హయా ముఖ్యం కదా, ఆటలెందుకు?” అని కొందరు అడుగుతారు. హయా ఈమాన్‌లో భాగమే, సందేహం లేదు. అయితే హయా మనిషిని పాపం నుంచి ఆపుతుంది. తన ఆకారాన్ని చూసి తానే కుంగిపోవడం వేరే విషయం, దాన్ని హయా అనలేం. సతర్ పాటించే దుస్తులు, ఆడపిల్లలకు వేరుగా స్థలం, నమాజు వేళ తప్పకపోవడం – ఈ హద్దుల్లో ఆటకు అభ్యంతరం లేదు. 2014లో ఫుట్‌బాల్ అంతర్జాతీయ సంస్థ ఫిఫా కూడా తలపై వస్త్రంతో ఆడటాన్ని అనుమతించింది. ఏర్పాట్లు చేయవలసిన పెద్దలు ఆ శ్రమ తప్పించుకుని ‘వద్దు’ అనేస్తే, దానికి ధర్మం పేరు పెట్టడం న్యాయం కాదు.

ఆటలు చదువును పాడుచేస్తాయన్నది మరో మాట. ఆసియా క్రీడల్లో 1951లోనూ, 1962లోనూ భారత ఫుట్‌బాల్ జట్టు స్వర్ణ పతకాలు గెలిచింది. రెండుసార్లూ శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదీయే, వృత్తిరీత్యా బడి పంతులే. పదో తరగతి రాగానే ఆటల పీరియడును లెక్కలకు ఇచ్చేయమని అడిగే తండ్రులు దీన్ని కాస్త ఆలోచించాలి.

పిల్లలను ఆడమని గద్దించడం వల్ల సిగ్గు పోదు. ఈ రోజు నుంచే వంకర పేర్లు మానేద్దాం. ఫజ్ర్ నమాజు తర్వాత తండ్రి కొడుకును వెంటబెట్టుకుని నడవాలి. తల్లి కూతురితో డాబా మీదనైనా షటిల్ ఆడాలి. బలమైన విశ్వాసి బలహీనుడైన విశ్వాసికన్నా అల్లాహ్‌కు ప్రియమైనవాడనీ, అయితే ఇద్దరిలోనూ మేలుందనీ దైవప్రవక్త (స) ప్రవచించారు (ముస్లిం). పందెంలో చివర వచ్చిన బిడ్డకు ఆ రెండో మాట తప్పక వినిపించాలి.

మన నాలుకల వల్ల మన బిడ్డల మనసులు గాయపడకుండా అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.