కేస్ షీటు ఆప్తవాక్యమేనా?

జ్ఞానం కలిగే దారులను భారతీయ తర్కం ప్రమాణాలంటుంది. న్యాయదర్శనం ఒప్పుకున్నవి నాలుగు: ప్రత్యక్షం, అనుమానం (గుర్తును బట్టి తేల్చుకోవడం), ఉపమానం, శబ్దం (ఒకరి మాట). మంచం పక్కన నిలబడి పొట్ట నొక్కి చూసే డాక్టరుది ప్రత్యక్షం. డ్యూటీ మారాక వచ్చిన మరో డాక్టరు కేస్ షీటు చదివి మందు మారిస్తే, ఆ పని శబ్దం మీద ఆధారపడింది. పెద్ద ఆసుపత్రి నడిచేదే శబ్దం మీద. అయితే ప్రతి మాటా ప్రమాణం కాదు, ఆప్తుడి మాటే ప్రమాణం. విషయాన్ని సాక్షాత్తూ ఎరిగి, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలనుకునేవాడే ఆప్తుడని న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు నిర్వచించాడు. ఋషికైనా మ్లేచ్ఛుడికైనా ఈ లక్షణం ఒక్కటేనన్నాడు కూడా. ప్రొఫెసర్ రాతకూ రాత్రి డ్యూటీ సిస్టర్ రాతకూ వేర్వేరు బరువులు తూచే వార్డుకు ఇది కాస్త చురుక్కుమనే మాటే.

కాగితం మీద ఆప్తుణ్ణి పోల్చుకోవడం తేలిక. ఆ గొలుసుకట్టు రాత ఎవరిదో వార్డులో అందరికీ తెలుసు. కొట్టివేత కనిపిస్తుంది, సిరా మారితే తెలిసిపోతుంది. కాగితంతో వచ్చే చిక్కు వేరు: అది మనిషితో పాటు తిరగాలి. ముషీరాబాద్ పాత జైలు స్థలంలోకి 2003లో మారిన గాంధీ ఆసుపత్రికి బోయిగూడ మీదుగా జిల్లాల రోగులు వస్తుంటారు. సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు దిగిన ముసలమ్మ చేతిలో బట్టల కొట్టు కవరు ఒకటి ఉంటుంది. అందులో మడతలు చిరిగిన ఓపీ చీటీలు, ఒక ఎక్స్‌రే, మాత్రలు అయిపోయిన అట్ట. ఆమె రోగచరిత్ర అంతా ఆ కవరే. దాన్ని బస్సులో మరిచిపోతే ఆమె కొత్త రోగి.

ఆ కవరు స్థానంలోకి కంప్యూటర్ అంచెలంచెలుగా వచ్చింది. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2010 నుంచి ఐస్మార్ట్ అనే సొంత రికార్డు వ్యవస్థను వాడుతోంది. ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డులకు దేశవ్యాప్త ప్రమాణాలు 2013లో వచ్చి 2016లో సవరణ పొందాయి. 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) సంఖ్య ఆధారంగా నడిచే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021లో దేశమంతటా మొదలైంది. కానీ ఇక్కడి చాలామంది సిబ్బందికి తెరమీది రికార్డు తొలి పరిచయం 2007 నాటి ఆరోగ్యశ్రీ పథకంతోనే. ముందస్తు అనుమతి, ఫొటో, డిశ్చార్జి పత్రం అప్‌లోడ్ చేస్తేనే డబ్బు. రికార్డంటే బిల్లుకు రుజువు అనే అలవాటు అక్కడే పడిందనుకోవచ్చు. రుజువు కోసం రాసేవాడి ధ్యాస చదివేవాడి మీద ఉంటుంది, చూసిన రోగి మీద కాదు.

వార్డులో సర్దుబాటు ఎలా జరుగుతుందో చూస్తే ప్రశ్న పదునెక్కుతుంది. సిస్టర్ వరసగా మంచాలన్నీ తిరుగుతూ బీపీ అంకెలు చీటీ వెనకో అరచేతి మీదో రాసుకుంటుంది. డ్యూటీ చివర కుర్చీ దొరికాక అన్నీ ఒకేసారి ‘ఎక్కిస్తుంది’. ఉదయం ఆరింటి 138/86 తెరమీద ఏడున్నరదవుతుంది. అంకె నిజం, వేళ అబద్ధం. నిన్నటి నోట్‌ను కాపీ పేస్ట్ చేసిన జూనియర్ డాక్టర్ విషయం ఇంకా చిత్రం. ‘ఛాతీలో గురకలు లేవు’ అన్న వాక్యం ఈరోజు కూడా నిజమే కావచ్చు, కానీ ఈరోజు స్టెతస్కోపు పెట్టిన చెయ్యి లేదు. ఆ వాక్యం తప్పు కాదు, అనాథ. నింపందే ముందుకు కదలని గడి ఉంటే ఊపిరి లెక్క చూసుకోకుండానే అందరికీ నిమిషానికి ఇరవై పడుతుంది. ఒకరి పాస్‌వర్డ్‌తో నలుగురు రాసే చోట ఆప్తుడెవరో చెప్పడమే కష్టం.

యంత్రం మాత్రం ఎవరు, ఎప్పుడు మీట నొక్కారో చిత్రగుప్తుడిలా విడవకుండా రాస్తుంది. చిత్రగుప్తుడికి గుడి ఉన్న అరుదైన ఊళ్లలో హైదరాబాద్ ఒకటి, కందికల్ గేట్ దగ్గర. ఆయన చిట్టాకు తిరుగు లేదు, ఎందుకంటే, నమ్మకం ప్రకారం, అది చూసినవాడు రాసింది. కంప్యూటర్‌కు తెలిసేది నొక్కడం ఒక్కటే, చూడటం కాదు. పైగా చిత్రగుప్తుడి చిట్టా యముడికి తప్ప మరొకరికి అందదు. హెచ్‌ఐవీ ఫలితం, మానసిక చికిత్స వివరం తెరమీద ఎందరికి కనిపించాలన్న చిక్కు ఆయనకు లేదు. ఇక్కడ దానికి 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం, గోప్యతను ప్రాథమిక హక్కన్న అదే ఏటి పుట్టస్వామి తీర్పు, 2023 నాటి డేటా రక్షణ చట్టం కావలసి వచ్చాయి.

వాగ్భటుడు చెప్పిన దర్శన, స్పర్శన, ప్రశ్నలు మూడూ తెర వల్ల పోతున్నాయన్న వగపు కొత్తది కాదు. అమెరికాలో వైద్యుడు అబ్రహాం వర్గీస్ 2008లోనే కంప్యూటర్‌లోని రోగికి ‘ఐ-పేషెంట్’ అని పేరు పెట్టి, మంచం మీది మనిషి దానికి గుర్తుగా మిగులుతున్నాడన్నాడు. అందులో నిజముంది. అయినా ఐదు రోజుల జ్వరం గీతగా కనిపించడం, పడని మందు రాయబోతే హెచ్చరిక రావడం ఏ ఒక్కరి కంటికీ అందని సంగతులు. అవి ప్రత్యక్షానికి పోటీ కాదు, అనుమానానికి ఆధారం. కాబట్టి నిలదీయాల్సింది తెరను కాదు, అందులోని వాక్యాన్ని: దీని వెనక ఎవరున్నారు?

కొన్ని వ్యవస్థల్లో దీనికి చిన్న ఏర్పాట్లున్నాయి. చూసిన వేళకూ ఎక్కించిన వేళకూ వేర్వేరు గడులు, కాపీ చేసిన భాగానికి వేరే రంగు. సర్వర్ ఆగిన రాత్రి మళ్లీ పాత రిజిస్టరు బయటికొస్తుంది. తెల్లారాక ఆ వివరాలు ఎక్కించేటప్పుడు ‘ఆలస్యంగా నమోదు’ అని, చూసిందెవరో, ఎన్నింటికో విడిగా రాస్తారు.