కానరాని చోటి కాయకము

లారీ ఫ్లైవీలును ఇంటి ముంగిట మార్చుకొను గృహస్థుని పని పరికింపుడు. గేరుబాక్సును జాకీపై దించును; చేతులపై మోయబూనుట సాహసము కాదు, అవివేకము. క్లచ్ ప్లేటు రాపిడికి కమిలిన నీలిమచ్చలు, వాని నడుమ లోతైన పగుళ్లు కనబడును. పైపైని సానబట్టి మరల బిగించినచో ఎవ్వరికిని తెలియదు. కాని వేగమున నది బ్రద్దలైనచో ఇనుప తునుకలు డ్రైవరుపైకే దూసికొనివచ్చును. 12వ శతాబ్దమున గడ్డిత్రాళ్లు పేని జీవించిన నులియ చందయ్యకు త్రాటి లోపలి పోగు కానరానిదా? ఈ గృహస్థుడును క్రొత్త ఫ్లైవీలు తెచ్చి, చమురుమరక లేకుండ తుడిచి, బోల్టులను ఎదురెదురుగా, కంపెనీ పుస్తకము చెప్పిన బిగువునకే బిగించును. ఆ బిగువును మరల సరిచూచిగాని క్లచ్చి నమర్చడు, గేరుబాక్సు నెక్కింపడు.